ఫ్యామిలీసెర్చ్: మేఫ్లవర్ కాలపు పూర్వీకుణ్ణి వెతికేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వెబ్‌సైటు గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందులోని పాత పత్రాల ప్రతులు వెలకట్టలేనివి. అందులో సిద్ధంగా కనిపించే వంశవృక్షాన్ని మాత్రం ఎవరికి వారు పరీక్షించుకోనిదే నమ్మకూడదు. ఈ రెండూ ఒకే గుమ్మం వెనుక ఉండటంతో, కొత్తగా వచ్చినవారు ముందు వృక్షం దగ్గరికి వెళ్లి, అక్కడ నాలుగు వందల ఏళ్ల వంశం ఒక్క సాయంత్రంలో దొరికిందని సంతోషించి, పత్రాల జోలికి పోకుండానే ఆగిపోతుంటారు.

మా అల్లుడి తల్లివైపువారు మసాచుసెట్స్ వాసులు. 1620లో ఇంగ్లండు నుంచి తొలి వలసదారులను అమెరికాకు తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలాండ్ సంతతి తామేనని ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మా మనుమరాలికి ఆ మాటలోని నిజానిజాలు పత్రాలతో సహా చూపించాలన్న కోరికతో నేను ఈ సైటును వాడటం మొదలుపెట్టాను. ఈ సమీక్ష ఆ ఒక్క పనికే పరిమితం. అమెరికాకు తొలినాళ్లలో వలస వచ్చిన ఒక వ్యక్తి వరకు చేరుకోవడానికి ఇది ఎలా ఉపకరిస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

దీని వెనుక ఉన్నది యూటా రాష్ట్రం కేంద్రంగా పనిచేసే, మార్మన్ చర్చిగా మనకు తెలిసిన మత సంస్థ. మరణించిన పూర్వీకుల తరఫున మతకర్మలు జరిపించడం వారి విశ్వాసంలో భాగం కాబట్టి 1894లోనే ఒక వంశావళి సంఘాన్ని స్థాపించి, 1938 నుంచి ప్రపంచమంతటా పాత రికార్డులను మైక్రోఫిల్ముల (పుటలను చిన్న ఫొటోలుగా తీసిన రీళ్ల) మీదికి ఎక్కించారు. సుమారు 24 లక్షల రీళ్ల డిజిటల్ ప్రతుల పని 2021లో పూర్తయింది. రీళ్లను అద్దెకు తెప్పించుకునే పాత పద్ధతి 2017తోనే ముగిసింది. హరిద్వార్ పండాల వహీలను, అంటే వారు యాత్రికుల వంశావళులు రాసే పుస్తకాలను సైతం మైక్రోఫిల్ము తీయించింది వీరేనని తెలిస్తే మన పాఠకులకు ఆసక్తి కలగవచ్చు. చందా లేదు, ఖాతా తెరిస్తే చాలు. ఆ మతకర్మల సంగతి ఇష్టపడనివారు ముందే తెలుసుకొని నిర్ణయించుకోవడం మంచిది.

ఇక వంశవృక్షం సంగతి. ఇక్కడ ఎవరి వృక్షం వారిది కాదు. ప్రపంచమంతటికీ కలిపి ఒకటే వృక్షం, చనిపోయిన ప్రతి మనిషికి ఒకే పేజీ ఉండాలన్నది దాని సూత్రం. ఖాతా ఉన్న ఎవరైనా చాలా పేజీలను మార్చవచ్చు, రెండు పేజీలను ఒకటిగా కలిపివేయవచ్చు. పల్నాడు నుంచి వలస వెళ్లిన ఒక సామాన్య కుటుంబపు పేజీని ఇద్దరో ముగ్గురో దిద్దుతారు కాబట్టి ప్రమాదం తక్కువ. జాన్ హౌలాండ్ లాంటివాడికి మాత్రం దేశమంతటా లెక్కలేనంతమంది వారసులు. అమెరికా అధ్యక్షులైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లు కూడా అతని సంతతే. ఇంతమంది కళ్లు, ఇంతమంది చేతులు ఒకే పేజీ మీద ఉన్నప్పుడు నిన్న ఆధారాలతో సహా ఉన్నది రేపు ఆధారం లేకుండా మారిపోయే వీలుంది.

ఈ వంశంలోనే జరిగిన ఒక పాత పొరపాటు చూస్తే నా అనుమానం వృథా కాదని అర్థమవుతుంది. హౌలాండ్ భార్య ఎలిజబెత్ ఎవరి కూతురు? మేఫ్లవర్‌లో వచ్చినవారు నెలకొల్పిన ప్లిమత్ కాలనీకి మొదటి గవర్నరు జాన్ కార్వర్ కూతురని సంతతివారు చాలాకాలం నమ్మారు. శ్మశానంలో నిలిపిన స్మారకశిల మీద కూడా అలాగే చెక్కించారు. రెండవ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాసిన కాలనీ చరిత్ర చేతిరాత ప్రతి అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బోస్టన్ నుంచి మాయమై, 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడింది. 1856లో అచ్చయిన ఆ గ్రంథంలో, హౌలాండ్ తుఫానులో సముద్రంలో పడి ఓడ పక్కన వేలాడుతున్న తాడు పట్టుకొని బతికిన ఉదంతంతో పాటు, అతను పెళ్లాడింది జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌నని స్పష్టంగా ఉంది. టిల్లీ దంపతులు తొలి శీతాకాలంలోనే చనిపోయారు. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హెన్‌లో చర్చి రిజిస్టరులో 1607 ఆగస్టు 30న ఎలిజబెత్ బాప్తిస్మం నమోదై ఉంది. రాతి మీద చెక్కినంత మాత్రాన నిజం కాదని ఆ వంశమే నేర్చుకోవలసి వచ్చింది. పైగా కావాలని అబద్ధాలు అల్లినవారూ ఉన్నారు. గుస్తావ్ ఆంజూ అనే పేరుతో ఒకాయన ఇరవయ్యవ శతాబ్దపు మొదట్లో ధనిక కుటుంబాలకు దొంగ వంశావళులు తయారుచేసి అమ్ముకున్నాడు. అవి పుస్తకాలలోకెక్కి, అక్కడి నుంచి ఇంటర్నెట్టు వృక్షాలలోకీ పాకాయి.

కాబట్టి వృక్షంలో ఏదైనా పేజీ తెరిస్తే, పేరు కన్నా ముందు ఆధారాల విభాగం చూడాలి. అక్కడ మరొకరి వృక్షం గానీ, కేవలం ఒక వెబ్‌సైటు పేరు గానీ ఉంటే ఆధారం లేనట్టే లెక్క. వీలునామా, చర్చి రిజిస్టరు, ఊరి పుస్తకంలోని పుట ప్రతి ఉంటే అది పనికొచ్చే పేజీ. మార్పుల చరిత్ర కూడా ప్రతి పేజీలో కనిపిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి మార్చారో చదవవచ్చు. ఈ ఒక్క సదుపాయం కోసం నేను సైటు నిర్వాహకులను మెచ్చుకుంటాను.

అసలు విలువ పత్రాలలో ఉందన్నాను గదా, దానికి ఉదాహరణగా హౌలాండ్ దంపతుల వీలునామాలను తీసుకోవచ్చు. జాన్ వీలునామా తేదీ 1672 మే 29. అందులో భార్యతో పాటు నలుగురు కొడుకులు, ఆరుగురు కూతుళ్ల పేర్లున్నాయి; కూతుళ్లకు అత్తవారి ఇంటిపేర్లు రాసి ఉండటం వంశం వెతికేవారికి పెన్నిధి. ఎలిజబెత్ వీలునామా 1686 డిసెంబరు నాటిది. లిడియా బ్రౌన్ అనే కూతురికి మంచి పరుపు, ఒక ఆకుపచ్చ దుప్పటి, చిన్న ఇత్తడి పాత్ర, చిన్న బైబిలు ఇమ్మని ఆమె రాయించింది. డిజైర్, హోప్, రూత్ అనే ముగ్గురు కూతుళ్ల పేర్లు మాత్రం అందులో లేవు. ఈ ఒక్క పత్రం చదివి ఆ ముగ్గురూ ఆమె బిడ్డలు కాదనుకుంటే పెద్ద పొరపాటు. తల్లి వీలునామా రాసేనాటికే వారు చనిపోయారు. భర్త వీలునామా పక్కన పెట్టి చదివితే గానీ ఇది తెలియదు.

ఇక్కడ మరో చిక్కుంది. జాన్ చనిపోయింది 1672 ఫిబ్రవరి 23న అని కాలనీ రికార్డు. వీలునామా చూస్తే అదే సంవత్సరం మే నెలది. మనిషి పోయిన మూడు నెలలకు వీలునామా ఎలా రాశాడు? అప్పటి ఆంగ్లేయులకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. వారి లెక్కలో 1672 ఫిబ్రవరి అంటే మన లెక్కలో 1673. 1752లో బ్రిటన్ క్యాలెండరు మార్చుకునేదాకా ఇదే పద్ధతి. ఫ్యామిలీసెర్చ్ సూచికలలో తేదీలు కొన్నిచోట్ల ఉన్నదున్నట్టు, కొన్నిచోట్ల సవరించి కనిపిస్తాయి కాబట్టి, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల తేదీ ఏది ఎదురైనా పత్రం ప్రతి తెరిచి చూడటం తప్పదు.

పత్రం ఏ కౌంటీలో (మన జిల్లా వంటిది) ఉంటుందో తెలియకపోవడం కొత్తవారి మరో ఇబ్బంది. ప్లిమత్ కాలనీని 1685లో ప్లిమత్, బార్న్‌స్టబుల్, బ్రిస్టల్ అనే మూడు కౌంటీలుగా విడదీశారు. జాన్ వీలునామా కాలనీ పుస్తకాలలో ఉండగా, కూతురింట స్వాన్సీ ఊళ్లో కాలం గడిపిన ఎలిజబెత్ వీలునామా బ్రిస్టల్ కౌంటీ ప్రొబేట్ (వీలునామాలను కోర్టు ధ్రువీకరించే) పుస్తకాలలో దొరుకుతుంది. మన దగ్గర జిల్లాలు విడిపోయాక పాత దస్తావేజు ఏ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉందో వెతుక్కోవడం వంటిదే ఇది. ఏ కౌంటీ ఎప్పుడు ఏర్పడిందో, ఏ రికార్డు ఏ ఏటి నుంచి మొదలవుతుందో చెప్పే పరిశోధన వికీ ఈ సైటులో ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ విభాగం నిజానికి ముందుగా చదవదగ్గది.

2024లో ప్రయోగాత్మకంగా విడుదల చేసిన పూర్తి పాఠ శోధన, నా లెక్కన, ఈ సైటును ఇప్పుడు వాడటానికి అన్నిటికన్నా బలమైన కారణం. కృత్రిమ మేధ చేత చేతిరాత పుటలను చదివించి, అందులోని ప్రతి మాటనూ వెతకడానికి వీలు కల్పించారు. మొదట్లో ప్రధానంగా అమెరికా భూమి దస్తావేజులకు, ప్రొబేట్ పత్రాలకు పరిమితమైనా, మనకు కావలసింది కూడా సరిగ్గా అవే. ఇదివరకు అమ్మినవాడి పేరో, కొన్నవాడి పేరో తెలిస్తేనే దస్తావేజు దొరికేది. ఇప్పుడు సాక్షిగా సంతకం చేసినవాడు, సరిహద్దు పొలం యజమాని, వీలునామా మధ్యలో ఒక్కసారి ప్రస్తావనకు వచ్చిన మనుమడు కూడా దొరుకుతారు. యంత్రం తప్పులు చదువుతుంది. ఆ కాలపు ఆంగ్ల చేతిరాతలో ఒక రకం ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది. ఇంటిపేర్ల వర్ణక్రమం గుమాస్తా అలవాటును బట్టి మారుతుంది. వెతికేటప్పుడు ఒక అక్షరానికి బదులు ప్రశ్నార్థకం, కొన్నిటికి బదులు నక్షత్రం గుర్తు పెట్టడం అలవాటు చేసుకుంటే చాలావరకు నెగ్గుకురావచ్చు.

ఈ శోధన అక్కరకొచ్చేది ముఖ్యంగా 1850కి ముందున్న వందేళ్ల చీకటిలో. బానిసలు మినహా ఇంట్లో ఉన్నవారందరి పేర్లు రాసిన మొదటి అమెరికా జనాభా లెక్కలు 1850వి. 1790 నుంచి 1840 దాకా కుటుంబ పెద్ద పేరు తప్ప మిగతావారు అంకెలే. మసాచుసెట్స్ రాష్ట్రం జనన మరణాల నమోదు చేపట్టింది 1841లో. అంతకు ముందు ఊరి పుస్తకాలే గతి. వలస వచ్చిన తొలి తరం గురించి పరిశోధకులు అంగుళం అంగుళం గాలించి పెట్టారు. మన కాలానికి దగ్గర తరాలకు ప్రభుత్వ రికార్డులున్నాయి. గొలుసు తెగేది ఎప్పుడూ మధ్యలోనే. అన్నదమ్ముల పిల్లలు అందరికీ జాన్, జోసెఫ్, ఐజాక్ అనే తాతల పేర్లే పెట్టుకున్న ఊళ్లో ఏ జాన్ ఎవరి కొడుకో తేల్చేది భూమి పంపకపు దస్తావేజు మాత్రమే.

పత్రాలన్నీ ఇంటి నుంచే తెరవవచ్చుననుకోకూడదు. ప్రతిని చూడటానికి ఆంక్ష ఉందన్న గుర్తు కనిపిస్తే, రికార్డు యజమానులతో ఉన్న ఒప్పందం ప్రకారం ఫ్యామిలీసెర్చ్ కేంద్రాలలోనో, అనుబంధ గ్రంథాలయాలలోనో మాత్రమే చూడాలని అర్థం. అమెరికాలో ఉన్నవారికి సమీపంలో ఏదో ఒకటి దొరుకుతుంది. 1620 నుంచి 1640 మధ్య వచ్చినవారి విషయంలో మాత్రం ఈ సైటు ఒక్కటే చాలదు. బోస్టన్‌లో 1845లో స్థాపించిన న్యూ ఇంగ్లండ్ వంశచరిత్ర సంఘం ఆ ఇరవై ఏళ్ల వలసదారుల మీద 1988 నుంచి చేపట్టిన పరిశోధనను చూసి తీరాలి. సంఘం సైటులో పూర్తి ప్రవేశానికి చందా కట్టాలి. ఆ చందా కట్టడం లాభమే.

1627 నాటి పశువుల పంపకపు జాబితా అచ్చు ప్రతిని ఎక్కడైనా వెతికి చదవమని ప్రత్యేకంగా చెబుతాను. కాలనీలోని జనాన్ని పన్నెండు వంతులుగా, వంతుకు పదముగ్గురి చొప్పున విడదీసి పశువులను పంచారు. నాలుగో వంతు హౌలాండ్ బృందానిది. వారికి వచ్చిన పెయ్య పేరు రాగ్‌హార్న్. భార్య ఎలిజబెత్, పిల్లలు జాన్, డిజైర్ పేర్లు ఆ బృందంలో ఉన్నాయి కాబట్టి ఆ ఇద్దరూ 1627 మేకు ముందే పుట్టారని రుజువవుతుంది. జనన రికార్డు లేనిచోట ఒక పశువుల లెక్క దాని పని చేసిపెట్టింది.

మేఫ్లవర్ సంతతివారి సంఘంలో సభ్యత్వం కోసం ప్రయత్నించేవారికి చివరిగా ఒక సూచన. తొలి అయిదు తరాల పరిశోధనను ఆ సంఘమే పుస్తకాలుగా అచ్చువేసింది కాబట్టి మనవైపు నుంచి వెనక్కి వెళ్తూ ఆ అయిదో తరాన్ని అందుకుంటే చాలు. తరానికో జనన, వివాహ, మరణ పత్రం జతచేయాలి. వృక్షం పేజీ అచ్చుతీసి పంపితే కుదరదు. ఫ్యామిలీసెర్చ్‌లో పత్రం ప్రతిని దించుకునేటప్పుడే పుస్తకం పేరు, సంపుటి, పుట సంఖ్య, ఫిల్ము సంఖ్య అదే ఫైలు పేరులో రాసి పెట్టుకోవాలి. మా అల్లుడి వంశంలో 1790లకు ఇవతలి తరాలన్నిటికీ ఈ విధంగా పత్రాలు సమకూరాయి; అవతలి ఒక్క లంకె కోసం బ్రిస్టల్ కౌంటీ దస్తావేజులు చదువుతున్నాను.