వార్డులవారీగా ఎండ, వాన ముప్పు లెక్క కట్టే సామగ్రి: మూడు ఎండాకాలాలు వాడాక

ఏ వార్డుకు ఎండ దెబ్బ ఎక్కువ, ఏ గల్లీలోకి వాన నీళ్లు ముందు వస్తాయి, తట్టుకునే శక్తి ఎవరికి తక్కువ? నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో ఈ మూడింటికీ అంకెలు పోగుచేయడానికి మూడు ఎండాకాలాలుగా వాడుతున్న సామగ్రి మీద ఈ సమీక్ష. ఫోన్లో ఇంటింటి సర్వే జవాబులు నింపే కోబోకలెక్ట్ యాప్, గదుల్లో పెట్టే ఉష్ణోగ్రత లాగర్లు (వేడిని తమంతట తామే రాసుకునే చిన్న పరికరాలు), ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు, మండలాల వాన లెక్కలు, జనగణన పట్టికలు, వీటన్నిటినీ మ్యాపు మీద పరవడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్. దేనికది మంచిదే. చిక్కంతా ఒకదానితో ఒకటి అతికే చోటే.

యాప్‌తో మొదలుపెడదాం. ఉచితం, సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది, ప్రశ్నలు తెలుగులో కనిపిస్తాయి. ఫారం ఎక్సెల్ షీటులో రాసుకోవాలి. సర్వే నడుస్తుండగా ప్రశ్న మాటలు మార్చినా పర్వాలేదు కానీ దాని వెనకున్న కోడ్ పేరు మార్చొద్దు. మారిస్తే డేటా దింపుకున్నప్పుడు ఒకే ప్రశ్న రెండు కాలమ్‌లుగా విడిపోతుంది. ఫొటోకు 1024 పిక్సెళ్ల హద్దు పెట్టకపోతే సర్వర్‌లో ఇచ్చిన జాగా వారంలో నిండుతుంది. జీపీఎస్ ఇంట్లో కూర్చుని తీస్తే తేడా 20, 30 మీటర్లు ఉంటుంది, ఇరుకు గల్లీలో అంత తేడా వస్తే ఇల్లు పక్క వార్డులో పడుతుంది. బయట నిలబడి తేడా 5 మీటర్లకు దిగేదాకా ఆగాలి. వార్డు నంబరు విడిగా కూడా అడిగి, సాయంత్రం రెండూ సరిపోల్చుకోవాలి.

యాప్ ఎంత బాగున్నా ప్రశ్న వంకరగా ఉంటే జవాబూ వంకరే. "రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు వాడతారు?" అంటే ఎవరూ చెప్పలేరు. "ఎండకాలం నల్లా ఎన్నొద్దులకోసారి వస్తది? వచ్చినరోజు ఎన్ని బిందెలు, ఎన్ని డ్రమ్ములు పడతరు?" అంటే వెంటనే చెప్తారు. డ్రమ్ము అంటే దాదాపు 200 లీటర్లు. బిందె మాత్రం ఇంటికో సైజు, కాబట్టి వాడకు అయిదారు బిందెలు కొలిచి సగటు తీసుకోవాలి.

వరద లోతు అంగుళాల్లో అడగొద్దు. చీలమండ, మోకాలు, నడుము అని అడిగి, తర్వాత గోడ మీద మరక ఉంటే రోడ్డు మట్టం నుంచి టేపు పట్టాలి. తేదీ ఇంకా జారుడు వ్యవహారం. "శ్రావణంల వచ్చింది" అంటారు. 2023లో శ్రావణాలు రెండు: జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, ఆ తర్వాత నిజ శ్రావణం. ఆ జులైలో తెలంగాణలో కుండపోత, ఆగస్టులో ఎండబెట్టింది. ఏ శ్రావణమో అడగకుండా రాసుకుంటే, వాన పడని నెలలో వరద వచ్చినట్టు తేలుతుంది.

పైకప్పు ప్రశ్న మీద బద్ధకించొద్దు. 2011 జనగణన ఇనుప రేకులను, సిమెంటు రేకులను ఒకే గాటన కట్టింది. ఫారంలో ఇనుప రేకులు, సిమెంటు రేకులు, బండలు, గూనపెంకు, స్లాబు విడివిడిగా ఉండాలి. దాని కింద "పైన ఇంకో అంతస్తు ఉందా?" అన్న ప్రశ్న తప్పనిసరి. స్లాబే అయినా పై అంతస్తు వాళ్ల వేడి వేరు, కింది వాళ్లది వేరు.

ఇక తాళం వేసిన ఇల్లు. పాలమూరు వైపు ఇది చిన్న విషయం కాదు. తాళం కనిపించగానే పక్కింటికి వెళ్లి నమూనా పూర్తి చేస్తే, వలస వెళ్లిన కుటుంబం లెక్కలోంచి జారిపోతుంది. తట్టుకునే శక్తి అందరికంటే తక్కువున్నది తరచుగా వాళ్లకే. మూడుసార్లు వెళ్లాలి, అందులో ఒకటి పొద్దున ఏడు లోపు. అప్పటికీ తాళమే ఉంటే "తాళం, వలస" అని పక్కవాళ్ల మాటతో నమోదు చేసి, పైకప్పు, మోరీ, నల్లా బయటి నుంచే చూసి రాసుకోవాలి. ఆ తాళాల శాతం కూడా ఒక సూచికే.

పెట్టిన డబ్బుకు ఎక్కువ పనికొచ్చినవి లాగర్లు. 16,000 రీడింగులు పట్టేదాన్ని 15 నిమిషాలకోసారి అని పెడితే రోజుకు 96, అంటే 166 రోజులు. మార్చి 1న పెడితే ఆగస్టు రెండో వారం దాకా చూసుకోనక్కర్లేదు. పెట్టేముందు అన్నిటినీ ఒకే అట్టపెట్టెలో ఒక రోజంతా ఉంచాలి, మిగతావాటితో అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా చూపించేదాన్ని పక్కన పెట్టాలి. గడియారాలన్నీ ఒకే ల్యాప్‌టాప్‌తో కలపాలి. గదిలో మీటరున్నర ఎత్తున, పొయ్యికి, కూలర్‌కు, పడమటి గోడకు దూరంగా కట్టాలి. ఆరుబయట పెట్టేదానికి నీడగూడు కావాలి: తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు ఆరేడు, మధ్యలో వేలెడు సందు వదిలి బోల్టుతో బిగిస్తే చాలు. అది లేకపోతే లాగర్ చూపేది గాలి వేడి కాదు, తన డబ్బా వేడి.

లాగర్లు పెట్టాకే తెలిసే సంగతి ఒకటుంది. రేకుల గది మధ్యాహ్నం మండిపోతుంది, పొద్దుగూకాక త్వరగా దిగుతుంది. స్లాబు పగలంతా వేడి తాగి రాత్రి వదులుతుంది, అందుకే పై అంతస్తు గది పడుకునే వేళకు కూడా చల్లబడదు. పగటి గరిష్ఠం ఒక్కటే చూస్తే ఈ రెండో బాధ కనిపించదు. రాత్రి కనిష్ఠం కాలమ్ తప్పక ఉండాలి.

ఉపగ్రహ చిత్రం దగ్గర జాగ్రత్త. ల్యాండ్‌శాట్ 8, 9 మన మీదుగా పొద్దున పదిన్నర ప్రాంతంలో వెళ్తాయి, రెండూ కలిసి ఎనిమిది రోజులకోసారి. లెవెల్ 2 చిత్రంలో నేల వేడి బ్యాండ్ అంకెను 0.00341802తో గుణించి 149 కలిపితే కెల్విన్, అందులోంచి 273.15 తీసేస్తే సెల్సియస్. సున్నా ఉన్న పిక్సెల్ అంటే డేటా లేదని, మొదటే తీసేయాలి. వచ్చేది నేల వేడి, గాలి వేడి కాదు. 30 మీటర్ల పిక్సెల్ కనిపిస్తుంది గానీ అసలు కొలత 100 మీటర్లది, గల్లీకీ గల్లీకీ తేడా దీంతో చెప్పలేం. ఏప్రిల్‌లో దున్ని వదిలిన చెలకలు, రాతిగుట్టలు వేడి మ్యాపులో పట్టణం కంటే ఎర్రగా కనిపిస్తాయి. అది చూసి ఊరు చల్లగా ఉందని రిపోర్టులో రాస్తే నవ్వులపాలే. మెరిసే ఇనుప రేకు వేడిని పైకి తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి ఉన్నదానికంటే చల్లగా చూపిస్తుంది. చెట్టూచేమా, చెరువు చూడటానికి సెంటినెల్-2 ఉపగ్రహం ఇచ్చే పది మీటర్ల చిత్రమే నయం.

30 మీటర్ల పిక్సెల్ ఉన్న నేల ఎత్తుల మ్యాపులతో మోరీ వాలు లెక్కించొద్దు. వాటి తప్పు మీటర్లలో, మోరీ వాలు సెంటీమీటర్లలో. మే నెలలో టేపు, ఇనుప కడ్డీ పట్టుకుని మోరీ వెడల్పు, కట్టినప్పటి లోతు, పూడిక పోను మిగిలిన లోతు కొలవడమే దారి.

వాన లెక్కలు తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో మండలాలవారీగా దొరుకుతాయి. వాతావరణ శాఖ లెక్కలో రోజు అంటే పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. హైదరాబాద్‌ను ముంచిన 2020 అక్టోబర్ 13 సాయంత్రం వాన 14వ తేదీ ఖాతాలో ఉంటుంది. సర్వే తేదీకి ఒక రోజు అటూ ఇటూ చూడాలి. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటారు, కానీ అది రోజు మొత్తం. మోరీ పొంగడానికి గంట వాన చాలు, గంటలవారీ అంకెలు దొరికితే వదలొద్దు.

జనగణనకు వస్తే 2011 తర్వాత కొత్తది చేతిలో లేదు. 2020 మున్సిపల్ ఎన్నికల ముందు వార్డులు మళ్లీ గీశారు, కాబట్టి పాత నంబరు, కొత్త నంబరు ఒకటి కావు. విస్తీర్ణం ప్రకారం జనాన్ని పంచితే గుట్టమీద, చెరువులో కూడా కుటుంబాలు పుడతాయి. ఉపగ్రహ చిత్రంలోని ఇళ్ల కప్పుల లెక్కన పంచడం మెరుగు. జిల్లా అంకెలదీ ఇదే తంతు: జిల్లాలను విడగొట్టిన 2016 అక్టోబర్ 11కు ముందటి మహబూబ్‌నగర్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాలూ ఉండేవి, నల్లగొండలో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఉండేవి. పాత, కొత్త వరుసలు ఒకే గ్రాఫులో గీస్తే జనం సగానికి పడిపోయినట్టుంటుంది.

ఈ అంకెలన్నీ కలిపి వార్డుకో ముప్పు లెక్క కట్టే చివరి కూడికలో ఎక్కువగా దొర్లే తప్పు దిశ. అన్ని సూచికలనూ సున్నా నుంచి ఒకటి మధ్యకు తెచ్చేటప్పుడు రేకుల ఇళ్ల శాతం పెరిగితే ముప్పు పెరుగుతుంది, నల్లా ఉన్న ఇళ్ల శాతం పెరిగితే తగ్గుతుంది. రెండోదాన్ని ఒకటిలోంచి తీసేయడం మరిచిపోతే నీళ్లున్న వార్డే పట్టికలో మొదట నిలుస్తుంది. బాగా తెలిసిన రెండు వార్డులు ఏ స్థానంలో వచ్చాయో చూసుకున్నాకే మ్యాపుకు రంగులు వేయాలి.