సిస్టమ్ బూట్ అవ్వనప్పుడు వెంటాయ్ పెన్‌డ్రైవ్: ఎంతవరకు ఆదుకుంటుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఇంట్లో సిస్టమ్ ఆన్ చేయగానే నల్ల తెర మీద "నో బూటబుల్ డివైస్" అనో, "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అనో వచ్చిందనుకోండి. విజయవాడ గవర్నర్‌పేటకి తీసుకెళ్లినా, గుంటూరు బ్రాడీపేటకి తీసుకెళ్లినా మొదట వినపడే మాట చాలాసార్లు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టాలండీ." కేబుల్ వదులైతే ఫార్మాట్‌తో బాగుపడదు. బయోస్ (విండోస్ కంటే ముందే మదర్‌బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్ మారిపోతే బాగుపడదు. డిస్క్‌లో సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న చిన్న గడులు, చెడిపోతుంటే ఫార్మాట్ వల్ల మిగిలిన ఫొటోలు కూడా పోతాయి. అసలు లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవడానికి ఇంట్లో ఉండాల్సిన వస్తువు వెంటాయ్ ఎక్కించిన ఒక పెన్‌డ్రైవ్.

వెంటాయ్ 2020లో వచ్చిన ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాన్ని ఒక్కసారి పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే చాలు, ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లని (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) పాటలు కాపీ చేసినట్టు అందులో వేసుకోవడమే. బూట్ చేయగానే ఏ ఐఎస్ఓ కావాలో మెనూలో అడుగుతుంది. ఇలాంటి పనికే వాడే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో మామూలుగా ఒక పెన్‌డ్రైవ్‌కి ఒక ఐఎస్ఓనే ఎక్కుతుంది. విండోస్ మాత్రమే వేసుకునేవాళ్లకి అది చాలు. డిస్క్ పరీక్షించడానికి లైనక్స్, బూట్ ఫైళ్లు సరిచేయడానికి విండోస్ రెండూ కావాల్సినప్పుడు వెంటాయే నయం. పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో సిద్ధం చేస్తుంది కాబట్టి పాత ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్కో ఫైలుకి ఉండే 4 జీబీ హద్దు దీనికి లేదు. ఇప్పటి విండోస్ ఐఎస్ఓలు ఆ హద్దు దాటిపోయాయి.

పెన్‌డ్రైవ్ 16 జీబీ సరిపోతుంది, 32 అయితే ఇబ్బందే ఉండదు. చవగ్గా వచ్చిందని ఊరూపేరూ లేని 128 జీబీ సరుకు కొంటే, లోపల ఉన్నది 8 జీబీయే కావచ్చు. కాపీ అయినట్టే కనపడుతుంది, బూట్ చేసే సమయానికి ఐఎస్ఓ పాడై ఉంటుంది. అసలు సైజు పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో ఒకసారి నింపి చూసుకున్నాకే నమ్మండి. వెంటాయ్‌ని దాని అధికారిక సైటు నుంచో గిట్‌హబ్ పేజీ నుంచో మాత్రమే దించుకోవాలి. ఇన్‌స్టాల్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, రెండుసార్లు హెచ్చరించే చెరిపేస్తుంది. తర్వాత కొత్త వెర్షన్ వస్తే "అప్‌డేట్" నొక్కితే ఐఎస్ఓలు అలాగే ఉంటాయి. కాపీ పూర్తయ్యాక సేఫ్లీ రిమూవ్ చేయకుండా లాగేస్తే మాత్రం ఫైలు సగంలో తెగిపోతుంది. అనుమానం వస్తే వెంటాయ్ మెనూలో ఆ ఐఎస్ఓ మీద ఉండి ఎమ్ నొక్కండి, ఫైలుకి వేలిముద్ర లాంటి చెక్‌సమ్ లెక్కకట్టి చూపిస్తుంది, ఐఎస్ఓ దించిన సైటులో ఇచ్చినదానితో పోల్చుకోండి.

అందులో వేయాల్సినవి రెండే: సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్, మీ ఇంట్లో ఉన్న విండోస్ ఐఎస్ఓ. ఇవన్నీ సిస్టమ్ బాగున్నప్పుడే చేసి పెట్టుకోవాలి.

పెన్‌డ్రైవ్ పెట్టడానికి ముందు డిలీట్‌తోనో ఎఫ్2తోనో బయోస్‌లోకి వెళ్లి రెండు చూడండి. ఒకటి, హార్డ్ డిస్క్ పేరు కనపడుతోందా? రెండు, తేదీ సరిగ్గా ఉందా? తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయినట్టు. అది అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐలో ఉన్న సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) రెయిడ్‌కో ఐడీఈకో మారొచ్చు, లేదా యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఉన్న బూట్ లెగసీ అనే పాత పద్ధతికి పడిపోవచ్చు. డిస్క్ నిక్షేపంగా ఉన్నా విండోస్ ఎక్కదు, లేదా "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వస్తుంది. బ్యాటరీ మార్చి, ఆ రెండు సెట్టింగులు పాత చోటుకి తెస్తే పని అయిపోతుంది. ఈ బ్యాటరీ వాచీల కొట్లో కూడా దొరుకుతుంది.

డిస్క్ పేరే కనపడకపోతే ప్లగ్ పీకి, సాటా కేబుల్ రెండు కొసలూ, పవర్ కనెక్టరూ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకి మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే ఈ పెన్‌డ్రైవ్ చేయగలిగింది ఏమీ లేదు. ఎస్ఎస్‌డీలు ముఖ్యంగా ఇలాగే పోతాయి, చప్పుడూ హెచ్చరికా లేకుండా బయోస్ నుంచే మాయమవుతాయి.

పేరు కనపడితే ఇక పెన్‌డ్రైవ్ పని మొదలు. బూట్ మెనూకి డెల్, లెనోవో, గిగాబైట్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఎంఎస్ఐలో ఎఫ్11, ఆసుస్ డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎఫ్8. అక్కడ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడొచ్చు: ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. విండోస్ ఏ పద్ధతిలో వేశారో అదే ఎంచుకోవాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని బూట్ ఫైళ్లని ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే మొదటిసారి "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని బెదరగొడుతుంది. ఓకే కొట్టి, ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్‌లోకి వెళ్లి, వీటాయ్ఈఎఫ్ఐ అనే పార్టిషన్‌లో ఉన్న కీని చేర్చి రీబూట్ చేస్తే ఆ సిస్టమ్‌లో మళ్లీ అడగదు. వెంటాయ్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ తెరని ఇంకాస్త అర్థమయ్యేలా పెట్టాల్సింది. ఇంకో జాగ్రత్త: ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే ఈ సెట్టింగులు కదిపాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండే ఆ కీని ముందే కాగితం మీద రాసుకోండి.

సిస్టమ్‌రెస్క్యూ లేచాక ముందు డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి, సైజును బట్టి మీ డిస్క్ ఎస్‌డీఏనా ఎస్‌డీబీనా తేల్చుకోండి. పెన్‌డ్రైవ్ కూడా అదే వరసలో వస్తుంది, పొరపడొద్దు. తర్వాత స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో డిస్క్ స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా) తీయండి. పైన "పాస్డ్" అని ఉందని సంబరపడక్కర్లేదు, చెడిపోతున్న డిస్కులు కూడా చాలాకాలం పాస్ అవుతూనే ఉంటాయి. చూడాల్సింది చివరి నిలువు వరసలో ఉండే రా విలువలు. 5వ నంబరు చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు. 197 చదవలేక అనుమానంలో ఉన్నవి, 198 ఇక చదవలేమని తేల్చినవి. 197, 198 సున్నా కాకపోతే డిస్క్ మీద ఏ రిపేరూ మొదలుపెట్టకండి. 199 వేరే కథ. అది డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క. అదొక్కటే పెరుగుతూ పైన చెప్పిన మిగతా మూడూ సున్నా అయితే మార్చాల్సింది డిస్క్ కాదు, సాటా కేబుల్. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మంచి డిస్కులు చెత్తలో పడుతున్నాయి.

197, 198లో అంకెలుంటే మొదటి పని డేటా తీయడం. విండోస్‌లో ఉండే డిస్క్ రిపేర్ కమాండ్ చెక్‌డిస్క్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. అది చెడ్డ సెక్టార్లని పదేపదే చదివించి డిస్క్‌ని అలసగొడుతుంది, పైగా పాడైన ఫైల్ సిస్టమ్ మీద మార్పులు రాస్తుంది. వాడాల్సింది సిస్టమ్‌రెస్క్యూలోనే ఉండే డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్. మొదటి దఫాలో చదవగలిగినదంతా తీసుకుని, మొరాయించిన చోట్లని వదిలేస్తూ పోతుంది. వాటి సంగతి తర్వాత చూస్తుంది. కమాండ్‌లో మొదట పాత డిస్క్, తర్వాత డేటా చేరాల్సిన చోటు, చివర మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల మీద పడుతుంది, ఎంటర్ కొట్టే ముందు మళ్లీ చదువుకోండి. ఏ ముక్క అయింది, ఏది మిగిలింది అన్న చిట్టా మ్యాప్ ఫైలులో ఉంటుంది. మన దగ్గర ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ ఫైలు ఉంటే కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే దాదాపు ఆగిన చోటు నుంచే సాగుతుంది. కాకపోతే దాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే పెట్టాలి. ఇలా పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైవ్ లైనక్స్ సొంత ఫోల్డర్లు ర్యామ్‌లో ఉంటాయి, అక్కడ పెడితే కరెంటుతో పాటే పోతుంది. 500 జీబీ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చొప్పున వస్తే గంటన్నర లోపు, యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే నాలుగు గంటల పైన. వేగంగా ఉండే నీలం యూఎస్‌బీ 3.0 పోర్టు వెతుక్కోండి. చెడ్డ సెక్టార్లు ఎక్కువైతే ఈ లెక్కలేవీ నిలవవు, రోజంతా పట్టొచ్చు. ఇంటి ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు వేసి పెట్టండి, మామూలు మోడ్‌లో లైన్ మారేటప్పుడు డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోవచ్చు.

స్మార్ట్ శుభ్రంగా ఉంటే లోపం బూట్ ఫైళ్లలో ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు విండోస్ ఐఎస్ఓ తెరిచి స్టార్టప్ రిపేర్ ఒకసారి చేయండి. కుదరకపోతే షిఫ్ట్ ఎఫ్10 కొట్టి కమాండ్ తెర తెరిచి, డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ చూడండి. జీపీటీ గడిలో నక్షత్రం ఉంటే అది యూఈఎఫ్ఐ విండోస్. బూట్ సరిచేసే బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కమాండ్ అక్కడ తరచూ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటుంది, దానితో కుస్తీ పట్టొద్దు. బూట్ ఫైళ్లు ఉండే, 100 ఎంబీ దగ్గర ఉండే ఫ్యాట్32 వాల్యూమ్‌కి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, ఈ అక్షరమేమిటో చెప్తూ బూట్ ఫైళ్లని మళ్లీ రాసే బీసీడీబూట్ కమాండ్ కొట్టండి. రిపేర్ తెరలో విండోస్ సి లోనే ఉంటుందని లేదు, డి కావచ్చు. డిర్ కొట్టి యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉందో చూశాకే అక్షరం రాయండి. నక్షత్రం లేని పాత డిస్కులకి బూట్‌రెక్‌లోని ఫిక్స్‌ఎంబీఆర్, ఫిక్స్‌బూట్, రీబిల్డ్‌బీసీడీ ఆ వరసలో. కొన్ని కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఐఎస్ఓకి డిస్కే కనపడదు. డిస్క్ పోలేదు, ఆ డిస్క్‌ని చూపించే ఇంటెల్ వీఎండీ డ్రైవర్ ఐఎస్ఓలో లేదంతే. కంపెనీ సైటు నుంచి తెచ్చి అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే లోడ్ డ్రైవర్‌తో ఎక్కించొచ్చు. వెంటాయ్ ఇలాంటి మామూలు ఫైళ్లకి కూడా చోటిస్తుంది. ఇది చాలా ఉపయోగపడే గుణం.

డిస్క్ టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే పవర్ తీసేయండి. హెడ్ దెబ్బతిన్న డిస్క్‌ని తిప్పే కొద్దీ లోపలి పళ్లెం గీరుకుపోతుంది, డీడీరెస్క్యూ కూడా హాని చేసేదే అవుతుంది. నీళ్లలో మునిగినవీ అంతే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీరొచ్చినట్టు మళ్లీ వస్తే, తడిసిన డిస్క్‌ని ఎండబెట్టి ఆన్ చేసి చూడకూడదు. మామూలు హార్డ్ డిస్కులకి గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి బురదనీరు లోపలికి పోయి ఉండొచ్చు. అలాంటివాటిని డేటా రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి. షాపులో ఇచ్చే పనైతే స్మార్ట్ రిపోర్టు తెరని ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి, డిస్క్ మీద సీరియల్ నంబరు రాసుకోండి, "డేటా కావాలి, ఫార్మాట్ చేయొద్దు" అని రసీదు మీద రాయించండి, పాత డిస్క్ తిరిగి ఇమ్మని అడగండి.