తడి కొండవాలులో గుర్రాల బాట: కంకరా, చెక్క ముక్కలా?

పచ్చిక బయటి కంచెకు లోపలగా మరో కంచె వేసి, రెంటి మధ్య ఇరుకు బాటలో గుర్రాలను తిప్పితే అవి మేత తక్కువ తిని ఎక్కువ నడుస్తాయి. నేల వాలుగా, తడిగా ఉంటే మాత్రం అసలు చిక్కు బాట మీద ఏమి పరచాలన్నదే.

చెక్క ముక్కలు చవక, మెత్తన, పరవడం తేలిక. కానీ అవి నీళ్లు పీల్చుకుని, పేడతో కలిసి కొన్నేళ్లకే నల్లటి బురదగా మారతాయి. ఏటవాలులో పెద్ద వాన పడిందంటే కిందికి కొట్టుకుపోతాయి కూడా. ఆ తడిలోనే రోజుల తరబడి నిలబడే గుర్రానికి గిట్ట కుళ్లు పట్టుకుంటుంది. గిట్ట ఎత్తగానే వాసనే చెబుతుంది.

కంకరకు ఖర్చు, చాకిరీ రెండూ ఎక్కువ. పై మట్టి తీసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిస్తూ రాయి మట్టిలో కలవకుండా ఆపే బట్ట) పరిచి, దాని మీద గట్టి రాయి, ఆపైన సన్న కంకర పోయాలి. గుడ్డ మానేస్తే రాయి బురదలోకి దిగిపోతుంది, దాంతోపాటే డబ్బూ. పైపొరలో పదునైన రాయి ఉంటే లాడం లేని గిట్టలకు నొప్పి.

నేనైతే గేట్ల దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ, ఎండుగడ్డి పెట్టే చోట కంకరే వేస్తాను. గుర్రాలు పడుకునే చదునైన చోట చెక్క ముక్కలు. ఏది పరిచినా, పైనుంచి వచ్చే నీటిని ముందుగా వాలుకు అడ్డంగా తవ్విన కాలువలోకి మళ్లించాలి.