తిరుపతిలో బొంత కిట్లు కొనేవాళ్లు జాగ్రత్త: కాటా వేయించకుండా డబ్బులు ఇవ్వకండి

దసరా దాటి వానలు పట్టుకున్నాక ఇంట్లో కూర్చుని అతుకుల బొంత కుడదామనుకునేవాళ్లు మన దగ్గర చాలామందే. పలమనేరు, కుప్పం వైపు చలికి బొంత లేకపోతే రాత్రి గడవదు కూడా. ఈ అదను చూసుకుని తిరుపతిలో ఒక దుకాణం బొంత కిట్లు అమ్ముతోంది. 'ప్యూర్ కాటన్' కట్ పీసులు కిలో, బొంత లోపల పరిచే 60 × 90 అంగుళాల 200 జీఎస్‌ఎం ఫైబర్ షీటు, అస్తరు గుడ్డ, ఒక కోను దారం అని కవరు మీద రాసి ఉంటుంది. విప్పి చూస్తే ఒక్కటీ రాసినట్టు లేదు. పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

పెద్ద మోసం ఫైబర్ షీటులో. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. 60 × 90 అంగుళాలంటే దాదాపు మూడున్నర చదరపు మీటర్లు, కాబట్టి 200 జీఎస్‌ఎం షీటు 700 గ్రాముల దగ్గర తూగాలి. ఈ కిట్లో వచ్చింది 350 దగ్గర ఆగిపోతోంది, అంటే అది 100 జీఎస్‌ఎం సరుకు. చేత్తో పట్టుకుంటే తెలియదు, చుట్ట విప్పగానే బుస్సున పొంగి మందంగానే కనబడుతుంది. అందుకే కాటా మీద పెట్టమనండి. కాటా లేదంటే మరి కిలో ముక్కలు దేంతో తూచారని అడగండి.

బరువు సరిపోయినా షీటు అంచును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూడండి. పోగులు పోగులుగా ఊడి వస్తే లోపలి అతుకు బలహీనం. అలాంటిది రెండు ఉతుకుల్లో గడ్డలు కడుతుంది, సూది పోట్ల గుండా నూగులా బయటికి వస్తుంది. మంచి షీటుకు నాలుగు అంగుళాలకో కుట్టు వరుస చాలు. నాసిరకం ఇప్పటికే కొనేసి ఉంటే దానికి పైనా కిందా పలచటి పాత నూలు గుడ్డ పరిచి, టాకాలు (కదలకుండా తాత్కాలికంగా వేసే పెద్ద కుట్లు) వేసి, రెండు అంగుళాలకో వరుస కుట్టండి. పని రెట్టింపే, కానీ బొంత నిలబడుతుంది.

ఇక కట్ పీసులు. అయిదు అంగుళాల చదరాలు కోసి, కుట్టుకు నాలుగు వైపులా పావు అంగుళం వదిలితే ఒక్కోటి నాలుగున్నర మిగులుతుంది. అడ్డం 14, నిలువు 20, మొత్తం 280 చదరాలతో 63 × 90 అంగుళాల పైభాగం వస్తుంది. 44 అంగుళాల పన్నా బట్ట అయితే నాలుగున్నర మీటర్లు. మామూలు నూలు బట్టలో అది 600 గ్రాముల దగ్గరే, కాబట్టి కిలో అంటే ధారాళంగా సరిపోవాలి. కానీ ఈ కట్టలో పైన నాలుగు మంచి ముక్కలు, లోపలంతా మూడు అంగుళాల వెడల్పు పేలికలు. పైగా గంజి దట్టంగా పట్టించి ఉంటుంది. ఆ గంజి కూడా బట్ట ధరకే కొంటున్నట్టు. కట్ట విప్పి చూపించకపోతే తీసుకోకండి.

కాటన్ అవునో కాదో తేల్చడానికి ఒక ముక్క అంచు నుంచి పడుగు దారం, పేక దారం విడివిడిగా లాగి అగ్గిపుల్లతో అంటించండి. రెండూ కలిపి కాలిస్తే లాభం లేదు, కల్తీ తరచుగా ఒక వైపే ఉంటుంది. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. రెండూ ఒకే బొంతలో కలిస్తే ఉతికాక నూలు చదరాలు లాక్కుంటాయి, పాలిస్టర్ అలాగే ఉంటుంది, బొంతంతా ముడతలు పడుతుంది.

కవరు మీద 'శ్రీకాళహస్తి కలంకారీ' అని ఉంటే మోసపోకండి. కరక్కాయ, పాలలో నానబెట్టిన బట్ట మీద వెదురు కలంతో గీసిన పని కిలోల్లెక్కన ఎవరూ అమ్మరు. ఒక పువ్వును ఎంచుకుని అదే పువ్వు ఇంకో చోట గీత పొల్లుపోకుండా కనబడుతుందేమో వెతకండి. కనబడితే అది ప్రింటే.

ముదురు ఎరుపు, నీలం, నలుపు ముక్కల్ని ఒక్కోదాన్నీ తెల్ల గుడ్డతో కలిపి సబ్బుపొడి వేసిన వేడినీళ్లలో అరగంట ఉంచండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే నీళ్లు తేరేదాకా మళ్లీ మళ్లీ ఉతకాలి, అప్పటికీ వదులుతుంటే ఆ ముక్క పక్కన పెట్టేయాలి. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు ఆగుతుందని కొట్లో చెప్పేది నమ్మొద్దు. ఉప్పు పని అద్దేటప్పుడే, అద్దాక పట్టకుండా మిగిలిన రంగు కడిగితేనే పోతుంది.

అస్తరుకు కిట్టే అక్కర్లేదు. అయిదున్నర మీటర్ల పాత నూలు చీరను సగానికి కోసి పక్కపక్కన జతచేస్తే కావలసిన దానికన్నా పెద్దదే వస్తుంది. అది ఎప్పుడో కుంచించుకుని, రంగు వదిలేసి ఉంటుంది కాబట్టి కొత్త అస్తరు కన్నా మేలు. కోను దారం జానెడు తీసి లాగండి, సులువుగా తెగిపోతే మిషన్ మీదా తెగుతుంది.

'కోసిన సరుకు వాపసు లేదు' అని కొట్లో ముందే చెప్పేస్తారు కాబట్టి ఈ పరీక్షలన్నీ కత్తెర పెట్టకముందే, కొన్న ఒకటి రెండు రోజుల్లో చేయండి. బిల్లు మీద 'కాటన్', 'జీఎస్‌ఎం', బరువు రాయించుకోండి. రాయనంటే అక్కడే విషయం తెలిసిపోతుంది. ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, నికర పరిమాణం, ఎంఆర్‌పీ లేకపోతే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. షీటు కాటా మీద ఉండగా అంకె కనబడేలా తీసిన ఫోటో, బిల్లు, కవరు మూడూ దాచి ఉంచండి.