నల్లగొండ నుంచి తిరుపతికి వందేభారత్: రైలు బాగుంది, దారే చాలడం లేదు

సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ ఎక్స్‌ప్రెస్ 2023 ఏప్రిల్ 8న మొదలైనప్పుడు దారిలో ఇచ్చిన హాల్టులు నాలుగే: నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు. సికింద్రాబాద్ దాటాక తెలంగాణలో అది ఆగే ఊరు అప్పట్లో మనదొక్కటే కావడం మాకు చిన్న సంగతి కాదు. ఎందుకంటే విజయవాడ జాతీయ రహదారి నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా పోతుంది. విజయవాడకు పోయే ప్రధాన రైలు మార్గమేమో కాజీపేట చుట్టూ తిరుగుతుంది. జిల్లా కేంద్రమైన నల్లగొండ ఎప్పుడూ ఈ రెండు దారులకూ దూరంగానే ఉండిపోయింది.

ఉదయం ఏడున్నర ప్రాంతంలో నల్లగొండలో ఎక్కితే మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో తిరుపతిలో దిగవచ్చు. అదే సాయంత్రం కొండెక్కి, మర్నాడు దర్శనం పెట్టుకునేవారికి ఇంతకన్నా అనువైన రైలు లేదని నా అభిప్రాయం. బోగీ లోపల శుభ్రత, ఏసీ, సీటు దగ్గర చార్జింగ్ సదుపాయం, స్టేషన్ పేరు తెలుగులోనూ వినిపించే ప్రకటన అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి. టికెట్ తీసుకునేటప్పుడే భోజనం వద్దనుకుంటే ఆ మేరకు చార్జీ తగ్గుతుంది కాబట్టి ఇంటి పులిహోర కట్టుకుని వెళ్లేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే ఇందులో బెర్తులు లేవు, అన్నీ కూర్చునే సీట్లే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఏడు గంటలు కూర్చోబెట్టడం కంటే రాత్రిపూట పడుకుని వెళ్లే నారాయణాద్రిలో తీసుకువెళ్లడమే మేలు.

మరొక జాగ్రత్త చెప్పాలి. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి, రైలు ఆగేది కొద్దిసేపే. సామాను సర్ది పెట్టడానికి లోపలికి ఎక్కిన బంధువులు దిగేలోపు తలుపులు పడితే తర్వాత ఆగే స్టేషన్ దాకా వెళ్లవలసి రావచ్చు. వీడ్కోలు ప్లాట్‌ఫారం మీదే చెప్పుకోవడం మంచిది. తిరుగు ప్రయాణంలో నల్లగొండ చేరేసరికి రాత్రి పదింటి ప్రాంతం అవుతుంది కనుక దేవరకొండ, హాలియా వైపు వెళ్లవలసినవారు బండి ముందే మాట్లాడుకోవాలి.

ఇక వేగం సంగతి. ఈ రైలును గంటకు 180 కిలోమీటర్ల వేగానికి తగ్గట్టు తయారుచేశారు. కానీ 661 కిలోమీటర్ల దూరానికి మొదట ఇచ్చిన సమయం ఎనిమిదిన్నర గంటలు, అంటే సగటున గంటకు 78 కిలోమీటర్లు. బీబీనగర్–గుంటూరు మార్గం సింగిల్ లైనుగా ఉండడం ఇందుకు ఒక ప్రధాన కారణం. మిర్యాలగూడ రైసుమిల్లులు, విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీలు దాటి కృష్ణ వంతెన మీదికి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ ఉంటే, మన రైలును పోనివ్వడానికి చిన్న స్టేషన్లో లూప్ లైను (పక్క పట్టాలు) మీద నిలిపిన బండి, విసిగిపోయి ప్లాట్‌ఫారం మీదికి దిగి నిలబడిన జనం కనిపిస్తారు. మనకు మిగిలే సమయంలో కొంత వాళ్లది. 239 కిలోమీటర్ల గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్‌కు, అంటే రెండో లైను వేయడానికి, కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆ పని పూర్తయితేనే ఈ సేవకు పూర్తి విలువ వస్తుంది, లూప్ లైను మీద ఆగే పాసింజరు బండికీ న్యాయం జరుగుతుంది.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, హైదరాబాద్ దగ్గర కొత్తగా కట్టదలచిన భారత్ ఫ్యూచర్ సిటీ నుంచి అమరావతి మీదుగా చెన్నైకి బుల్లెట్ రైలు కావాలని బహిరంగంగానే కోరారు. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో హైదరాబాద్–చెన్నై కూడా ఉంది. ఆ కోరికను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఈ వందేభారత్‌లో వెళ్లి వచ్చినవారెవరికైనా, పాత పట్టాల మీద కొత్త రైలు ఎంతవరకు పరుగెత్తగలదో, ప్రత్యేక మార్గం ఎందుకు కావాలో విడమరచి చెప్పనక్కర లేదు. కాకపోతే ఆ మార్గం మన జిల్లా పొలాల్లోంచి పోయి, మన జిల్లాలో ఆగకపోతే భూమి ఇచ్చిన రైతుకు దుమ్ము తప్ప ఏమీ దక్కదు. వేగం తగ్గుతుందని స్టేషన్ ఇవ్వలేమంటే ఒప్పుకోనక్కర లేదు. ముంబయి–అహ్మదాబాద్ హైస్పీడ్ మార్గం 508 కిలోమీటర్లు. అందులో 12 స్టేషన్లు ఉన్నాయి, బోయిసర్, బిలిమోరా వంటి చిన్న ఊళ్లకు కూడా చోటిచ్చారు. కొన్ని రైళ్లు పెద్ద నగరాల్లోనే ఆగుతూ సుమారు రెండు గంటల్లో, కొన్ని అన్నిచోట్లా ఆగుతూ సుమారు మూడు గంటల్లో చేరేలా అక్కడ ప్రణాళిక వేసుకున్నారు. అదే పద్ధతిలో నల్లగొండకు అందుబాటులో ఒక స్టేషన్, అక్కడి నుంచి పట్టణానికి, మిర్యాలగూడకు, దేవరకొండకు బస్సులు కావాలని మన ఎంపీ, ఎమ్మెల్యేలు, మున్సిపల్ పాలకవర్గం మార్గం ఖరారయ్యేలోపే రాతపూర్వకంగా అడగాలి.