చిన్ని కృష్ణుడి ఫోటో: కిటికీ వెలుగా, ఫ్లాషా?

కృష్ణాష్టమి వస్తే తిరుపతిలో ఇంటింటా ఓ చిన్ని కృష్ణుడు తయారవుతాడు. గాంధీ రోడ్డులో కొన్న మెరుపుల కిరీటం, పూసల దండ, చేతిలో ఇత్తడి చెంబు. ఇంట్లోనే ఫోటో తీద్దామంటే ముందు తేల్చుకోవాల్సింది వెలుగు సంగతే.

ఖర్చు: కిటికీకి పైసా అక్కర్లేదు. పల్చటి తెల్ల పంచె కడితే ఎండ మెత్తబడుతుంది, నీడ పక్కకి వెలుగును తిప్పికొట్టడానికి కిటికీకి ఎదురుగా ఒక థర్మోకోల్ షీటు చాలు. ఫ్లాష్‌కి స్టాండు, వెలుగును మెత్తబరిచే ఫోటో గొడుగు కూడా కొనాలి.

శ్రమ: కిటికీ వెలుగు ఎలా పడుతోందో కళ్లకే కనిపిస్తుంది. ఫ్లాష్ అయితే తీసి చూసుకోవాల్సిందే.

మెరుపు: అసలు చిక్కంతా ఇక్కడే. ఇత్తడి అద్దం లాంటిది, పడిన వెలుగును అదే కోణంలో తిప్పికొడుతుంది. కెమెరా మీది ఫ్లాష్ నేరుగా వేస్తే చెంబు మీద తెల్లటి చుక్క, కిరీటం నిండా మచ్చలు. కిటికీ పెద్దది కాబట్టి చెంబు పొట్ట మీద పొడవాటి మెత్తటి చార వస్తుంది. మీ చొక్కా కూడా అందులో కనిపిస్తుంది, ముదురు రంగుది వేసుకోండి. మా పాపకి తీసినప్పుడు చెంబును కాస్త పక్కకి తిప్పగానే మచ్చ పోయి, వెన్న పూసుకున్న బుగ్గ మీదికి చూపు వెళ్లింది.

కదలిక: ఇందులో ఫ్లాష్‌దే పైచేయి. గెంతే పిల్లల్ని ఆ క్షణం మెరుపు అలాగే పట్టేస్తుంది. కిటికీ దగ్గర షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కన్నా నెమ్మదిగా పెట్టొద్దు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 800 దాటినా ఫర్వాలేదు.

ఏ వెలుగైనా సరే, నేల మీద కూర్చుని పిల్లల కళ్ల ఎత్తులోనే తీయండి.

చెంబులో చెయ్యి పెట్టి కూర్చుని ఆడుకునే రెండేళ్ల బిడ్డకి, పగటిపూట అయితే, కిటికీయే. చీకటి పడ్డాక, ఒక్కచోట నిలవని ఐదేళ్లవాడికి ఫ్లాష్. దాన్ని పక్కనున్న తెల్ల గోడ వైపు తిప్పి వేయండి.