టచ్‌ప్యాడ్‌ది తప్పు కాదట: నాలుగేళ్లు వాడాక

ఈ ల్యాప్‌టాప్ కొన్న కొత్తలో కనిపించిన ప్రతివాడికీ దీని టచ్‌ప్యాడ్ గురించే చెప్పేవాణ్ణి. వేలు ఆనిస్తే చాలు, జారిపోయేది. మౌసు తీసి అటకెక్కించాను. ఇప్పుడా మౌసు మళ్లీ బల్ల మీదికి దిగింది. పొగడ్తలో సగం వెనక్కి తీసుకుంటున్నా.

నిజానికి అప్పుడే ఒక వంక ఉండేది. ఛార్జింగ్ పెడితే బాణం గంతులేసేది, అరచెయ్యి ఆన్చే రేకు జివ్వుమనేది. అది మా అద్దింటి ఘనత: ఆ సాకెట్‌కి ఎర్తింగ్ లేదు. ఫ్రిజ్ ప్లగ్గులో పెడితే బాణం బుద్ధిగా ఉండేది. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అసలు గొడవ పోయిన ఎండాకాలం మొదలైంది. కింది ఎడమ మూల నొక్కితే టక్కుమనడం మానేసింది. బొటనవేలితో అదిమితే ఒకోసారి పడేది. ఒకోసారి పడి వదిలేది కాదు, ఫైలు బాణానికి అతుక్కుని ఫోల్డర్లన్నీ తిరిగేది. రీస్టార్ట్ చేశా. డివైస్ మేనేజర్‌లో టచ్‌ప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, పీకి మళ్లీ ఎక్కించా. ఆఖరికి ఫార్మాట్ కూడా కొట్టా, ఒక ఆదివారం దానికే పోయింది. తర్వాత బయోస్ తెరలో, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెరలో, చూస్తే అక్కడా క్లిక్ పడట్లేదు! విండోస్ ఇంకా లేవనేలేదు, దాని తప్పెలా అవుతుంది? ఇది ముందే చూసుంటే ఆదివారం మిగిలేది.

సర్వీస్ సెంటర్‌లో మూత తెరవకుండానే టచ్‌ప్యాడ్‌తో పాటు పైభాగమంతా మార్చాలన్నారు, 9 వేలు. ఆలోచించి చెప్తానని తెచ్చేసుకున్నా. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పెడితే కుంటిపీటలా ఊగింది. అనుమానమొచ్చి మా పాప స్కేలు అడ్డంగా పెట్టి చూశా. టచ్‌ప్యాడ్ మధ్యలో బియ్యపు గింజంత ఎత్తు లేచి ఉంది.

మర్నాడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో ఒక కుర్రాడు అడుగు మరలు విప్పాడు. బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. "టచ్‌ప్యాడ్‌కేం కాలే అన్నా, కిందికెళ్లి బ్యాటరీ తంతుంది. పొద్దంతా ఛార్జింగ్ల్నే పెడ్తవా?" అన్నాడు. పెడతాను మరి, ఇంటినుంచి పని. క్లిక్ పడాలంటే పలక కింది అంచు కాస్త దిగాలి, దిగడానికి చోటేదీ? కొత్త బ్యాటరీకి 3,800 తీసుకున్నాడు. మూత బిగించి నొక్కితే, టక్. ఉబ్బినదాన్ని ఇన్నాళ్లూ ఒళ్లో పెట్టుకుని సినిమాలు చూశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నా. క్లిక్ మాత్రం పూర్తిగా పాతలా లేదు, ఆ మూల కొంచెం బిగుతే. కొనొచ్చా అంటే, తిరుగుళ్లలో వాడేవాళ్లకి కొనమనే చెప్తా. నాలా రోజంతా ప్లగ్గుకి కట్టేసి వాడేవాళ్లయితే మూడో ఏటికి బ్యాటరీ ఖర్చు కలిపి లెక్కేసుకోండి. నా వాటంలో ఇంకే ల్యాప్‌టాపైనా ఇలాగే ఉబ్బేదేమో. రాత్రి ఛార్జింగ్‌లో వదిలేస్తే ఇప్పుడు మా ఆవిడే లేచి పీకేస్తోంది.